మే నెలలో మూగబోని సెన్సర్: సీమ ఇంటికి సరిపడే బ్యాటరీ పరికరం లెక్క

కర్నూలులో మే నెల మధ్యాహ్నం ఇంటి లోపలి గోడ 35 డిగ్రీల దాకా కాగుతుంది. మనిషి చర్మం వేడి కూడా దాదాపు అక్కడే ఉంటుంది. ఇంట్లో కదలికను పసిగట్టడానికి ఎక్కువమంది కొనే పీఐఆర్ (పాసివ్ ఇన్‌ఫ్రారెడ్, అంటే ఒంటి వేడిని చూసే) సెన్సర్‌కు ఆ వేళలో మనిషీ గోడా ఒకేలా కనిపిస్తాయి. జనవరిలో గది అవతలి మూల నుంచే మనిషిని పట్టుకున్న పరికరం, మేలో ఎదురుగా నడిచినా పలకదు. పాడైందనుకుని కొత్తది తెప్పిస్తారు. అదీ అంతే చేస్తుంది.

ఇంట్లో కూర్చుని సెన్సర్ తయారు చేసుకోవడం నేర్పే పాఠాలు ఇంటర్నెట్‌లో బోలెడున్నాయి. వాటిలో చాలా భాగం 20 డిగ్రీల గదిని, ఎప్పుడూ పోని కరెంటును, ఎప్పుడూ ఆగని వైఫైని మనసులో పెట్టుకుని రాసినవి. కర్నూలు, అనంతపురం, కడప ఇళ్లలో ఈ మూడింటిలో ఏదీ ఖాయం కాదు. అందుకే ఇక్కడ పరికరం కట్టేవాళ్లు ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. నిద్రపోతున్నప్పుడు అది ఎంత కరెంటు తింటుంది? బయట 43 డిగ్రీలున్న రోజు ఏం చేస్తుంది? యాప్‌లో ఎన్ని గ్రాఫులు వస్తాయన్నది ఆ తర్వాతి సంగతి.

అవసరం మాత్రం నిజమైనదే. పిల్లలు బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగాలు చేస్తుంటే అమ్మానాన్నలో, అవ్వో ఊళ్లో ఒంటరిగా ఉండే ఇళ్లు సీమలో ఎన్నో. పొద్దున్నే లేచి వంటింట్లోకి వెళ్లారా, పడుకునే గది ఎంత ఉడుకుతోంది అన్న రెండు విషయాలు తెలిస్తే దూరంగా ఉన్నవాళ్లకు సగం టెన్షన్ తగ్గుతుంది. మైదాన ప్రాంతాల్లో పగటి ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరి, మామూలు కన్నా నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే భారత వాతావరణ శాఖ దాన్ని వడగాలుల రోజుగా లెక్కిస్తుంది. 45కు చేరితే ఇక పోలికే అక్కర్లేదు. ఆ అంకె బయటి గాలిది. గదిలో ఉన్న ముసలామెకు తగిలే వేడి ఎంతో చెప్పేది గదిలో ఉన్న పరికరమే. 40 డిగ్రీలు దాటిన గాలిలో ఫ్యాను వేసుకుంటే ఒళ్లు చల్లబడకపోగా ఇంకా వేడెక్కవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తుంది. గది 39లో ఉందా 41లో ఉందా అన్నది వడదెబ్బ విషయంలో చిన్న తేడా కాదు.

పీఐఆర్‌కు ఎండ దెబ్బ ఎలా తగులుతుంది

పీఐఆర్ లోపల వేడికి స్పందించే రెండు చిన్న పలకలు పక్కపక్కనే ఉంటాయి. రెండూ ఒకదానికొకటి వ్యతిరేకంగా కలిపి ఉంటాయి కాబట్టి గది మొత్తం నెమ్మదిగా వేడెక్కితే రెండింటి మార్పూ రద్దయిపోతుంది. మనిషి అడ్డంగా నడిచినప్పుడు మాత్రం ఒళ్లు విడుదల చేసే పరారుణ కిరణాలు ముందు ఒక పలకపై, తర్వాత రెండో పలకపై పడతాయి. ఆ ఎగుడుదిగుడునే చిప్ కదలికగా తీసుకుంటుంది. అంటే అది కొలిచేది మనిషి వేడిని కాదు, మనిషికీ వెనకున్న గోడకూ మధ్య ఉన్న తేడాను. పానాసోనిక్ తన పీఐఆర్ సెన్సర్లు ఎంత దూరం చూస్తాయో చెప్పేటప్పుడు, మనిషికీ పరిసరాలకూ 4 డిగ్రీల తేడా ఉందన్న లెక్కతో చెబుతుంది. చలికాలం రాత్రి ఆ తేడా పది డిగ్రీలు దాటుతుంది. వేసవి మధ్యాహ్నం ఒకటి రెండు డిగ్రీలకు పడిపోతుంది.

ఇందులో ఒక వింత ఉంది. గోడలు ఇంకా కాగి 39, 40కి వెళ్తే సెన్సర్ మళ్లీ కాస్త పనిచేయడం మొదలుపెడుతుంది. అప్పుడు చెమటతో చల్లబడిన మనిషి గోడ కన్నా చల్లగా కనిపిస్తాడు. తేడా ఏ వైపున్నా చిప్‌కు ఒకటే. కాబట్టి అసలు గుడ్డి ప్రాంతం రమారమి 33 నుంచి 37 డిగ్రీల మధ్య. దురదృష్టం ఏమిటంటే ఏప్రిల్ నుంచి జూన్ దాకా సీమ ఇళ్లలోని గదులు రోజులో ఎక్కువ గంటలు గడిపేది సరిగ్గా ఆ మధ్యలోనే. కాంక్రీటు స్లాబు పగలంతా వేడిని పీల్చుకుని పొద్దుగూకాక లోపలికి వదులుతుంది. బయట గాలి చల్లబడ్డా గది చల్లబడదు. పాత మట్టి మిద్దెల్లో ఈ బాధ తక్కువ. వాటిలో పీఐఆర్ కూడా ఎక్కువ రోజులు నమ్మకంగా పనిచేస్తుంది.

దీనికి పూర్తి మందు లేదు, ఉపశమనం ఉంది. మనిషి సెన్సర్ వైపు నేరుగా రాకుండా దాని ముందు అడ్డంగా దాటేలా పక్క గోడకు బిగించాలి. ఏడు మీటర్లు చూస్తుందని రాసి ఉన్నదాన్ని మూడు మీటర్ల సెన్సర్‌గానే లెక్కేసుకోవాలి. గది మొత్తాన్ని కాపలా కాయించే బదులు తలుపు సందునో నడవనో దానికి అప్పగించాలి. తెల్లటి బుడగలా కనిపించే లెన్సును తీసేసి అందం కోసం అద్దమో అక్రిలిక్ షీటో పెట్టకూడదు. ఆ లెన్సు పాలిథిన్‌తో చేసింది. ఒంటి వేడి దానిగుండా వెళ్తుంది, గాజుగుండా వెళ్లదు. ఎండ పడే కిటికీకి, కూలర్ గాలికి ఎదురుగా పెడితే మనిషి లేకపోయినా మోగుతుంది. లెన్సు మీద బల్లి పాకినా అంతే.

ఎండతో సంబంధం లేకుండా కదలికను పట్టే రాడార్ సెన్సర్లు ఇప్పుడు చవగ్గానే దొరుకుతున్నాయి. ఎల్‌డీ2410 లాంటివి కూర్చున్న మనిషిని కూడా గుర్తిస్తాయి. కానీ అది సుమారు 80 మిల్లీయాంపియర్లు నిరంతరం తాగుతుంది. అంటే రోజుకు 1,900 ఎంఏహెచ్ (మిల్లీయాంపియర్-గంటలు) పైన, మంచి 18650 సైజు లిథియం-అయాన్ సెల్ ఒకటి ఒక్కరోజులో ఖాళీ. ఇన్వర్టర్ లైను ఉన్న హాల్లో ప్లగ్గుకు పెట్టుకోవడానికి ఇది మంచి వస్తువు. బ్యాటరీ మీద నడపాలన్న ఆలోచన మాత్రం వద్దు.

బ్యాటరీకి నిజంగా సరిపోయే, ఎండకు లొంగని సెన్సర్ ఇంకొకటి ఉంది. అది అందరికన్నా పాతది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. అదే రీడ్ స్విచ్. తలుపుకు ఒక అయస్కాంతం, చట్రానికి ఒక చిన్న గాజు గొట్టం. తలుపు తెరిస్తే లోపలి రేకులు విడిపోతాయి, మూస్తే అతుక్కుంటాయి. దానికంటూ కరెంటే అక్కర్లేదు. 25 డిగ్రీల్లో ఎలా ఉంటుందో 45లోనూ అలాగే ఉంటుంది. బాత్‌రూం తలుపుకు ఒకటి, వంటింటి తలుపుకో ఫ్రిజ్ తలుపుకో ఒకటి పెడితే ఇంట్లో మనిషి మామూలుగా తిరుగుతున్నారన్న సంగతి పీఐఆర్ కన్నా నమ్మకంగా తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త చాలు. తలుపు తెరిచి ఉందో మూసి ఉందో చిప్‌కు తెలిసేలా స్విచ్‌తో పాటు పెట్టే పుల్‌అప్ రెసిస్టర్ 10 కిలోఓమ్‌లైతే, తలుపు మూసి ఉన్నంతసేపూ 330 మైక్రోయాంపియర్లు (వెయ్యి కలిస్తే ఒక మిల్లీయాంపియర్) వృథాగా పోతాయి. ఒక మెగాఓమ్ పెడితే అది మూడుకు దిగుతుంది.

నిద్రలో తినే కరెంటు

బ్యాటరీ పరికరం జీవితంలో నూటికి తొంభైతొమ్మిది పాళ్లు నిద్రే. మేలుకుని గాలిలోకి సందేశం పంపే ఆ కొద్ది క్షణాల గురించే అందరూ మాట్లాడతారు. సెల్లును ఖాళీ చేసేది మాత్రం చాలాసార్లు రాత్రంతా కారే కుళాయి లాంటి నిద్ర కరెంటు.

ఈఎస్‌పీ8266నే తీసుకుందాం. వైఫై తనలోనే ఉన్న ఆ చిప్ డీప్ స్లీప్ అనే గాఢ నిద్రలో 20 మైక్రోయాంపియర్లు తీసుకుంటుంది. రోజుకు అర ఎంఏహెచ్ కూడా కాదు. కానీ చాలామంది చిప్‌ను కొనరు, దాన్ని బిగించిన నోడ్‌ఎంసీయూ బోర్డును కొంటారు. బోర్డు మీద యూఎస్‌బీ చిప్ ఉంటుంది, వోల్టేజీని చిప్‌కు సరిపడేంతకు తగ్గించే ఏఎంఎస్1117 అనే రెగ్యులేటర్ ఉంటుంది. ఆ రెగ్యులేటర్ ఒక్కటే పని లేకపోయినా 5 మిల్లీయాంపియర్ల దాకా తింటుంది. అన్నీ కలిపి బోర్డు నిద్రలో 10 మిల్లీయాంపియర్లు లాగితే రోజుకు 240 ఎంఏహెచ్. 18650 సెల్లులో వాడుకోదగ్గది 2,000 ఎంఏహెచ్ అనుకుంటే ఎనిమిది రోజులు. చిప్ కాగితం మీద చెప్పిన ఆయుష్షు ఏళ్లలో ఉంటుంది, బోర్డు ఇచ్చేది వారం.

బోర్డు వదిలేసి, ఆ అదనపు భాగాలు లేని విడి మాడ్యూల్ తీసుకుని, 4 మైక్రోయాంపియర్లు మాత్రమే తినే హెచ్‌టీ7333 లాంటి రెగ్యులేటర్ పెడితే లెక్క మారిపోతుంది. పదిహేను నిమిషాలకోసారి లేస్తే రోజుకు 96 సార్లు. లేచినప్పుడల్లా వైఫైకి కలవడానికి ఐదు సెకన్లు, సగటున 80 మిల్లీయాంపియర్లు అనుకుంటే, ఒక్కో మేలుకొలుపుకు 0.11 ఎంఏహెచ్. రోజుకు నిద్రతో కలిపి 11. అదే సెల్లు ఆరు నెలలు వస్తుంది. రౌటర్ చానల్, ఐపీ అడ్రస్ ముందే రాసిపెట్టి మేలుకునే సమయాన్ని ఒక సెకనుకు కుదిస్తే రోజుకు మూడు ఎంఏహెచ్ కూడా కాదు, అంటే దాదాపు రెండేళ్లు. ప్రోగ్రామ్‌లో మార్చింది నాలుగైదు లైన్లే.

ఇక్కడే కరెంటు కోత లెక్కలోకి వస్తుంది. కరెంటు పోతే రౌటర్ ఆగుతుంది. సెన్సర్‌కు ఆ సంగతి తెలియదు. లేచిన ప్రతిసారీ వైఫై కోసం వెతుకుతూనే ఉంటుంది. గడువు పెట్టకపోతే ఒక్క రాత్రి కోతలో నెలకు సరిపడే చార్జింగును తినేయగలదు. మూడు సెకన్లలో దొరక్కపోతే ఊరుకుని పడుకో, వరసగా రెండుసార్లు దొరక్కపోతే ఇక గంటకోసారే లే అన్న నియమం ప్రోగ్రామ్‌లో తప్పనిసరిగా ఉండాలి. వీలైతే రౌటర్‌ను, సందేశాలు అందుకునే చిన్న కంప్యూటర్‌ను ఇన్వర్టర్ మీద పెట్టాలి.

వైఫైని పూర్తిగా వదులుకునే దారి ఇంకా మేలు. ఏటీమెగా328పీ చిప్ టైమర్ నడుపుకుంటూ ఐదారు మైక్రోయాంపియర్లతో నిద్రపోతుంది. దానికి ఎన్‌ఆర్‌ఎఫ్24ఎల్01 ప్లస్ రేడియో కలిపితే, ఆ రేడియో నిద్రలో ఒక మైక్రోయాంపియర్ కూడా తీసుకోదు, పంపేటప్పుడు 11 మిల్లీయాంపియర్లు చాలు, పని కొన్ని మిల్లీసెకన్లలో అయిపోతుంది. కలిసే ప్రయాస లేదు కాబట్టి కోతలు వచ్చినా నష్టం తక్కువ. నాపరాతి గోడలు, అడుగున్నర మందం మట్టి గోడలు ఉన్న పాత ఇళ్లలో 2.4 గిగాహెర్ట్జ్ అంత బాగా దూరదు. అక్కడ 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే రేడియో మంచిది. తక్కువ శక్తి పరికరాలకు ఆ బ్యాండులో లైసెన్సు అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో 915 మెగాహెర్ట్జ్ మాడ్యూళ్లు కూడా అమ్ముతారు. అవి అమెరికా కోసం చేసినవి. మన దేశంలో ఆ చుట్టుపక్కల ఉన్నది మొబైల్ ఫోన్ల బ్యాండు. కొనకూడదు.

పీఐఆర్ విషయంలో మాత్రం నిద్ర అనేది లేదు. ఉష్ణోగ్రత సెన్సర్‌ను అవసరమైనప్పుడే వెలిగించి ఆర్పేయవచ్చు. పీఐఆర్‌కు కరెంటు ఇచ్చాక కుదురుకోవడానికే నిమిషం దాకా పడుతుంది కాబట్టి రాత్రింబవళ్లు వెలిగే ఉండాలి. అందరూ కొనే పెద్ద హెచ్‌సీ-ఎస్‌ఆర్501 మాడ్యూల్ 50 నుంచి 65 మైక్రోయాంపియర్లు తింటుంది, పైగా ఐదు వోల్టులు కావాలంటుంది. చిటికెన వేలి గోరంత ఉండే ఏఎం312 అందులో మూడో వంతు కూడా తీసుకోదు, 2.7 వోల్టుల నుంచి పనిచేస్తుంది. బ్యాటరీ పరికరానికి అదే సరైనది. పానాసోనిక్‌వి కొన్ని ఒక్క మైక్రోయాంపియర్‌తోనే నడుస్తాయి, ధర ఎక్కువ. వైఫై రేడియో పక్కనే పెడితే చిన్న పీఐఆర్ సందేశం పంపిన ప్రతిసారీ తనంతట తానే మోగుతుంది. రెంటి మధ్య కొంత ఎడం ఉంచి, రేడియో కాళ్ల దగ్గర 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే చాలావరకు సర్దుకుంటుంది.

ఆరుగురు తిరిగే ఇంట్లో హాలు పీఐఆర్ రోజుకు వందలసార్లు మోగుతుంది. ప్రతిసారీ వైఫై సందేశం పంపిస్తే ఏ సెల్లూ నిలవదు. ఒకసారి మోగాక ఐదు నిమిషాలు మళ్లీ పలకవద్దని చెప్పాలి. అవ్వ లేచిందా లేదా తెలియడానికి అంతకు మించి అక్కర్లేదు.

సెల్లు వోల్టేజీ కొలవడానికి పెట్టే రెండు రెసిస్టర్లూ దొంగలే. ఒక్కోటి వంద కిలోఓమ్‌లైన రెండు రెసిస్టర్లు 4.2 వోల్టుల సెల్లు మీద 21 మైక్రోయాంపియర్లు లాగుతాయి, నిద్రపోయే ఈఎస్‌పీ చిప్ కన్నా ఎక్కువ. రెండూ మెగాఓమ్‌లు పెట్టి, పక్కన చిన్న కెపాసిటర్ చేరిస్తే రెండు మైక్రోయాంపియర్లకు దిగుతుంది. ఇవన్నీ కలిపి నిజంగా ఎంతయిందో చెప్పేది మల్టీమీటరే. మైక్రోయాంపియర్ స్థానంలో పెట్టి పరికరాన్ని ఆన్ చేస్తే రేడియో లేచే సరికి వోల్టేజీ పడిపోయి చిప్ మళ్లీ మొదటికొస్తుంది. మిల్లీయాంపియర్ స్థానంలో లేపి, ప్రోబులను ఒక వైరుతో కలిపి ఉంచి, నిద్రపోయాక మైక్రోయాంపియర్‌కు మార్చి వైరు తీసేయాలి. ఈ ఒక్క కొలత తీసుకోకుండా పరికరాన్ని గోడకు బిగించడం అనవసరం.

సెల్లు, ఎండ

బటన్ సెల్ సీఆర్2032లో ఉండేది 220 ఎంఏహెచ్ పైచిలుకు, అది కూడా కొద్దికొద్దిగా తీసుకుంటేనే. వైఫై లాగే 300 మిల్లీయాంపియర్ల ఊపుకు తట్టుకోదు. కిరాణా కొట్టులో దొరికే చవక పెన్సిల్ సెల్లు జింక్-కార్బన్‌ది. గడియారానికి సరే, ఏడాది పాటు వదిలేసే సెన్సర్‌లో కారి బోర్డును తినేస్తుంది. ఆల్కలైన్ అడిగి కొనాలి. రెండు ఆల్కలైన్ సెల్లులు, ఏటీమెగా, ఏఎం312 కలిపితే కాగితం మీద పదేళ్లు వస్తాయి. ఆ అంకెను నమ్మకూడదు. సెల్లు తనంతట తాను నీరసపడుతుంది, వేడిలో ఇంకా త్వరగా. పైగా ఏఎం312కు 2.7 వోల్టులు కావాలి కాబట్టి ఒక్కో సెల్లు 1.35 వోల్టులకు దిగేసరికే ఆట ఆగిపోతుంది, లోపల సగం శక్తి మిగిలి ఉండగానే. మూడు సెల్లులు పెట్టి, చిప్‌కు ఎంసీపీ1700 రెగ్యులేటర్ ద్వారా ఇస్తే ఆ సగం కూడా పనికొస్తుంది.

లిథియం-అయాన్ 18650 సెల్లు మీద 9,900 అని రాసి ఉంటే అది అబద్ధం. ఆ సైజులో 3,500 దాటడమే అరుదు. దీన్ని 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జి చేయకూడదన్నది తయారీదారులు చెప్పే మామూలు హద్దు. మిద్దె మీద చిన్న సోలార్ పలక, దాని వెనకే ప్లాస్టిక్ డబ్బాలో సెల్లు పెట్టే పద్ధతి సీమ ఎండకు పనికిరాదు. ఎండ ఎక్కువున్న గంటల్లోనే చార్జింగు జరుగుతుంది, ఆ గంటల్లోనే డబ్బా లోపల 60 డిగ్రీలు దాటుతుంది. పలకను ఎండలో ఉంచి, వైరు లోపలికి లాగి, సెల్లును ఇంట్లో నీడన పెట్టాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లు వేడిలో ఇంతకన్నా భద్రంగా ఉంటుంది. నిండుగా ఉన్నా 3.6 వోల్టుల చుట్టుపక్కలే కాబట్టి ఈఎస్‌పీ8266కు రెగ్యులేటర్ కూడా లేకుండా ఇస్తారు. దానికి టీపీ4056 చార్జర్ మాత్రం వాడకూడదు, అది 4.2 దాకా ఎక్కిస్తుంది.

ఉష్ణోగ్రత కొలిచే భాగం

ఇందులో కష్టం తక్కువ. డీహెచ్‌టీ11 రెండు డిగ్రీలు అటూ ఇటూ చెబుతుంది. 38 దాటితే హెచ్చరించమని పెట్టినప్పుడు దానితో పని కాదు. ఎస్‌హెచ్‌టీ40 సుమారు 0.2 డిగ్రీల తేడాలో చెబుతుంది, చాలా తక్కువ వోల్టేజీలోనూ నడుస్తుంది, గాలిలో తేమ కూడా చూపిస్తుంది. కూలర్ పనిచేసేది గాలి పొడిగా ఉన్నప్పుడే కాబట్టి సీమలో తేమ అంకెకు విలువుంది. డీఎస్18బీ20 కూడా మంచిదే గానీ మార్కెట్లో నకిలీలు ఎక్కువ. నలగ్గొట్టిన ఐసు నిండా పోసి కొద్దిగా నీళ్లు కలిపిన గ్లాసులో ముంచితే సున్నా దగ్గర చూపాలి. రేడియో వేడెక్కకముందే కొలవాలి, డబ్బాకు కింద చిల్లులు ఉండాలి, పడమటి గోడకు అతికించకూడదు. గదిలో ఒకటి, బయట నీడన ఒకటి పెడితే సాయంత్రం కిటికీలు ఏ వేళకు తెరవాలో, మిద్దెకు సున్నం వేయించాక గది నిజంగా ఎంత చల్లబడిందో తెలుస్తుంది. ఆ పనికి రెండు సెన్సర్లనూ ముందు ఒకే చోట ఒక రాత్రి ఉంచి, వాటి మధ్య తేడా రాసిపెట్టుకుంటే సరిపోతుంది.

కదలిక సెన్సర్, ఉష్ణోగ్రత సెన్సర్ రెండూ ఒకే డబ్బాలో ఎందుకుండాలో ఇప్పుడు తేలికగా అర్థమవుతుంది. కదలిక కనిపించలేదు అన్న మాటను ఎంత నమ్మాలో ఉష్ణోగ్రత చెబుతుంది. గది 28లో ఉండగా పొద్దున తొమ్మిది దాకా పీఐఆర్ పలకకపోతే వెంటనే ఫోన్ చేయాలి. గది 35లో ఉండగా పలకకపోతే అది సెన్సర్ గుడ్డితనం కావచ్చు. అప్పుడు బాత్‌రూం తలుపు రీడ్ స్విచ్ ఏం చెబుతోందో చూడాలి, అదీ మౌనంగా ఉంటే ఫోన్ చేయాలి. ఈ నియమం సందేశాలు అందుకునే కంప్యూటర్ వైపు పది లైన్ల ప్రోగ్రామ్. దీంతో పాటు ప్రతి డబ్బా గంటకోసారి తన ఉష్ణోగ్రతను, సెల్లు వోల్టేజీని తప్పకుండా పంపాలి. ఆ సందేశం వరసగా మూడు గంటలు రాకపోతే మొదటి అనుమానం పరికరం మీదే, కానీ దూరాన ఉన్నవాళ్లకు ఆ కబురు కూడా ‘కదలిక లేదు’ అన్నంత గట్టిగానే అందాలి. పక్కింటి వాళ్లు ఒకసారి తొంగి చూసి వస్తే ఇంట్లో మనిషి సంగతీ, గోడ మీద సెల్లు సంగతీ రెండూ తెలుస్తాయి.